ఒక బీడీ సేపు

గుంటూరు మిర్చియార్డు రోడ్డులో అంకమ్మరావు కార్ల షెడ్డు. మే నెల, పట్టపగలు. షెడ్డు ముందు ఆగిన తెల్ల కారులోంచి ఒక అమ్మాయి దిగి, గోనెపట్టాలో చుట్టిన స్టీరింగు చక్రం ఒకటి తెచ్చి, కారుకి ఇది బిగించాలంటూ అతని బల్ల మీద పెట్టింది. అంకమ్మరావు స్టీరింగు పని ముట్టుకుని మూడేళ్ళు దాటింది. ఆ సంగతి రోడ్డు మీద అందరికీ తెలుసు. ఈ అమ్మాయికి తెలియదనే అతను అనుకున్నాడు.

"చెయ్యనన్నానా లేదా? ఎన్నిసార్లు చెప్పాలమ్మా?"

"ఎందుకు చెయ్యరో చెప్పలేదు కదండీ."

"బ్రేకులు చేస్తా. క్లచ్చు చేస్తా. ఇంజను మొత్తం విప్పి ఈ బల్ల మీద పరిచి మళ్ళీ బిగించమన్నా బిగిస్తా. స్టీరింగు మాత్రం ముట్టుకోను. వెనక సందులో కుర్రోళ్ళున్నారు, ఫోన్లో వీడియో చూసుకుంటా బిగించేస్తారు. వెళ్ళు."

"వాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దన్నారు."

"ఎవరన్నారు?"

"మా మావయ్యగారు. బండి ఆయనదే."

"మీ మావయ్యకి నేనెట్టా తెలుసు?"

"గుంటూర్లో కార్ల పనంటే మీరు తెలియకుండా ఉంటారా మేస్త్రీగారూ."

"ఆ పొగడ్తలు ఇంటి దగ్గర పెట్టుకో. ఏ ఊరు మీది?"

"దూరమేనండీ. మూడు గంటల దారి."

"అంత దూరం నించా! ఎవరు తోలుకొచ్చారు?"

"నేనే."

"ఒక్కదానివే?"

"పక్క సీట్లో ఈ స్టీరింగు ఉంది. మలుపుల్లో దొర్లుతోందని దానికి బెల్టు కూడా పెట్టాను."

"నన్ను నవ్వించాలని చూడకు. నాకు నవ్వొచ్చి చాలా రోజులైంది."

"అదేంటండీ, బీడీ పారేశారు? ఇంకా సగం ఉందిగా?"

"నా వాటా అంతే."

"మిగతా సగం ఎవరిది?"

"నీకెందుకమ్మా? స్టీరింగు కోసం వచ్చావా, నా బీడీలు లెక్కబెట్టటానికొచ్చావా?"

"స్టీరింగు కోసమేనండీ. పోనీ ఒకసారి చూడండి. చూస్తే తప్పేం లేదుగా. ఇంత దూరం తెచ్చాను."

"ఏదీ, విప్పు. చూట్టానికే, చెయ్యటానికి కాదు. ఊఁ... పెద్ద మోడల్ బండిది. వెనకాల రెక్కలున్నాయి. పాడిల్ షిఫ్టు. వేళ్ళతో మీటితే గేరు మారుద్ది. ఈ మధ్య ప్రతివాడికీ ఇదే పిచ్చి. రెక్కలుంటే కారు ఎగురుద్దనుకుంటారు. మీ మావయ్యకి ఎన్నేళ్ళు?"

"యాభై రెండు."

"యాభై రెండేళ్ళకి ఈ సోకేంది?"

"సోకు కాదండీ."

"మరేంటి? ఇది ఆటోమేటిక్ బండి. గేర్లు దానంతటదే వేసుకుంటది. ఈయన వేళ్ళతో మీటేదేముంది?"

"ఎక్కేటప్పుడు వేసుకుంటుందంట. ఘాటు రోడ్డు దిగేటప్పుడు మనిషే చెప్పాలంటగా."

"అది నిజమే. దిగేటప్పుడు గేరు తగ్గించకపోతే బ్రేకులు కాలిపోతాయి. దానికి రెక్కలెందుకు? కింద గేరు రాడ్డు ఉంది చూడు, ఎడం చేత్తో పట్టుకుని ఇట్టా వెనక్కి లాగితే సరి."

"ఇంకో మాట కూడా చెప్పమన్నారండీ. మైనస్సు కుడివైపుకి రావాలంట."

"ఏంటీ?"

"గేరు తగ్గించే రెక్క కుడిచేతి వైపు ఉండాలంట. ఎడమ రెక్క పనిచెయ్యకపోయినా పర్లేదంట."

"లోకంలో ఏ బండికైనా కుడి రెక్క పెంచటానికి, ఎడమ రెక్క తగ్గించటానికి. దాన్ని తిరగెయ్యమంటాడా మీ మావయ్య?"

"లోపల రెండు వైర్లు అటూ ఇటూ మారిస్తే చాలన్నారు. పెద్ద పని కాదన్నారు."

"ఓహో. పని కూడా ఆయనే చెప్పేశాడు. మెకానిక్కా ఆయన?"

"సైకిల్ షాపులో కూర్చుంటారు. వాళ్ళ బావమరిది షాపు."

"సైకిల్ షాపులో కూర్చునేవాడికి పాడిల్ వైర్లు ఎట్టా తెలుసు?"

"తెలుసుకుని ఉంటారు."

"అమ్మాయ్, నేను ఏడో తరగతితో బడి మానేసినోణ్ణే గానీ, తెలివితక్కువోణ్ణి కాదు. ఆయన ఎడం చెయ్యి పనిచెయ్యదా?"

"మూడు వేళ్ళు ముడుచుకోవండీ. మణికట్టు తిరగదు."

"పక్షవాతమా?"

"కాదు."

"జిన్నింగు మిల్లులో పడిందా? పత్తి మిషన్లో చేతులు పోయినోళ్ళని మన వైపు చాలామందిని చూశా."

"మిల్లు కాదండీ."

"మరి?"

"మీరు పని చేస్తానంటే చెప్తాను."

"బేరం పెడతన్నావా?"

"ఏరా అంకమ్మా! ఏంట్రా అది, స్టీరింగే? సూర్యుడు ఎటు పొడిచాడు ఇవాళ?"

"ఒరేయ్ ఫిలిప్, పక్క కొట్లో నీ పంచర్లేవో నువ్వు వేసుకో. నా షెడ్డులో తల పెట్టమాక."

"అమ్మాయ్, నా మాట విను. ఇంకో షెడ్డు చూసుకో. ఆయన దాని మీద చెయ్యి వెయ్యడు. మూడేళ్ళ కింద ఇక్కడే..."

"ఫిలిప్!"

"సరే సరే. నాకెందుకు. ఎండకి అరవమాక, బీపీ లేస్తది."

"మూడేళ్ళ కింద ఏమైందండీ?"

"ఏం కాలా. వాడికి నోరు ఊరుకోదు. చెయ్యి అట్టా ఉన్నోడికి బండెందుకు చెప్పు. నువ్వున్నావుగా తోలటానికి. బెల్టు పెట్టి స్టీరింగునే తీసుకొచ్చావు, మావయ్యని తీసుకుపోలేవా?"

"తీసుకుపోతానన్నాను. వద్దన్నారు. ఒక్కసారి తనే తోలాలంట."

"ఎక్కడికి?"

"కోటప్పకొండ."

"దేవుడి దర్శనానికైతే బస్సు పోతందిగా."

"దర్శనానికి కాదంట. పైకెక్కటం గొప్ప కాదంట, దిగటమేనంట. ఘాటు రోడ్డు మూడో మలుపులో బ్రేకు తొక్కకుండా, సెకండు గేరు మీద దిగితేనే బండి పాసైనట్టంట."

"ఆ మాట నీకెవరు చెప్పారు?"

"మా మావయ్యగారని చెప్పాను కదండీ."

"ఈ భూమ్మీద ఆ మాట ఇద్దరికే తెలుసు. అందులో ఒకణ్ణి నేను. నీ పేరేంటి?"

"మెహరున్."

"ఎవరి భార్యవి?"

"సలీం భార్యని."

"ఏ సలీం?"

"మీ సలీమేనండీ."

"బుడాన్ కోడలివా నువ్వు? మా బుడాన్ కోడలివా?"

"అవును. కూర్చోండి. ముందు ఆ స్టూలు మీద కూర్చోండి. నీళ్ళు తాగుతారా?"

"వద్దు. సలీంకి పెళ్ళెప్పుడైంది?"

"పోయినేడు. రంజాన్ వెళ్ళిన నెలకి."

"వాణ్ణి ఇంత ఉన్నప్పటినించీ ఎరుగుదును. నేనూ బుడానూ ఇక్కడ పని చేసుకుంటా, అదిగో, ఆ మూలన లారీ టైరులో దుప్పటి పరిచి కూర్చోబెట్టేవాళ్ళం. ఏడిస్తే నేను పోయి ఏదో ఒక బండి హారన్ కొట్టేవాణ్ణి. ఊరుకునేవాడు. వాడి పెళ్ళికి నాకు కబురు లేదు."

"కార్డు రాశారు."

"నాకు రాలా."

"పంపలేదు. రాశారు. 'అంకమ్మరావు, కార్ల షెడ్డు, యార్డు రోడ్డు, గుంటూరు' అని మావయ్యే కుడిచేత్తో రాశారు. పెళ్ళయిన నెలకి బీరువా సర్దుతుంటే చీరల కింద కనపడింది. ఎవరత్తయ్యా ఈయన అని అడిగితే, అత్తయ్య లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ సాయంత్రం సలీం చెప్పాడు మీ గురించి."

"ఏం చెప్పాడు? మా నాన్న చెయ్యి తీసినోడని చెప్పాడా?"

"అట్టా చెప్పలేదండీ."

"చెప్పకపోతే మాత్రం? పేరు రాసి పంపలేదంటే అర్థమేంటి? రాసేటప్పుడు పాత రోజులు గుర్తొచ్చి ఉంటాయి, పోస్టు చేసేటప్పుడు చెయ్యి గుర్తొచ్చి ఉంటది. నేను తప్పు పట్టను. వాడి స్థానంలో నేనున్నా అంతే చేసేవాణ్ణి."

"మీరు మా ఊరు పొదిలి వచ్చారంటగా ఒకసారి?"

"వచ్చా. వాడు ఆస్పత్రి నించి గుంటూరు వదిలి బావమరిది దగ్గరికి వెళ్ళిపోయిన రెండో నెల. అప్పటికి ఫోను ఎత్తటం మానేశాడు. లేడని చెప్పింది మీ అత్త. వాడి చెప్పులు గుమ్మం ముందే ఉన్నాయి. ఎడం చెప్పు పట్టీకి నట్టు బిగించి ఉంటది, ఆ నట్టు వేసింది నేనే. చెప్పులు ఇక్కడుండి మనిషి ఎక్కడికెళ్తాడు? నుంచున్నా, అరగంట నుంచున్నా. లోపల దగ్గు వినపడింది కూడా. వచ్చేశా."

"ఆయన లోపలే ఉన్నారు."

"నాకు తెలుసు. నువ్వు చెప్పక్కర్లా."

"కళ్ళు తుడుచుకోండి."

"మిర్చి లారీ పోయింది. ఘాటు."

"యార్డుకి వేసవి సెలవులండీ. నేను వచ్చేటప్పుడు గేట్లు మూసున్నాయి. లారీ ఎక్కణ్ణించి వస్తుంది?"

"నువ్వు బుడాన్ కోడలివే. సందేహం లేదు."

"చేస్తారా మరి, స్టీరింగు?"

"ఇదెట్టా అడగగలుగుతున్నావమ్మా నువ్వు? ఆ చెయ్యి అట్టా అయ్యింది ఈ షెడ్డులో. ఇదే పని చేస్తా. మళ్ళీ వాడి బండికి, ఆ చేతి కోసం, నేనే స్టీరింగు బిగించాలా? వాడు నిన్ను పంపింది పని కోసమా, నన్ను కాల్చుకు తినటానికా?"

"ఆయన చెప్పింది చెప్తాను. 'అంకమ్మ దగ్గరే చేయించు. ముందే నా పేరు చెప్పమాక. చేస్తానంటే చేయించు. చెయ్యనంటే మారు మాట్లాడకుండా వచ్చెయ్, వేరేవాళ్ళ చేత చేయించమాక' అన్నారు."

"వేరేవాళ్ళ చేత వద్దన్నాడా?"

"మీరు చెయ్యకపోతే రెక్కలొద్దు, కోటప్పకొండా వద్దన్నారు."

"బానెట్టు తెరువు."

"ఏంటండీ?"

"లోపల కుడికాలి దగ్గర పిడి ఉంటది, లాగు. ఊఁ. ఆ పదో నంబరు స్పానరు ఇటివ్వు. అది కాదు, పక్కది. ఇట్టా రా, చూడు. చూసి నేర్చుకో, రేపు బండి ఎవడి చేతిలోనో పెడితే నువ్వు పక్కన నుంచోవాలి. ఇది బ్యాటరీ. ఈ నల్ల వైరు తియ్యకుండా స్టీరింగు మీద చెయ్యి వెయ్యకూడదు. ఇదిగో, తీసేశా. ఇప్పుడు ఈ బండి శవం కింద లెక్క. వెళ్ళి హారన్ కొట్టు."

"రావట్లేదు."

"అద్దం దించు."

"దిగట్లేదు. పాటలు కూడా రావాండీ?"

"కరెంటే లేకపోతే పాటెక్కణ్ణించి వస్తదమ్మా?"

"రాదు కదా."

"రాదు."

"అయితే ఇప్పుడు స్టీరింగు తీసెయ్యొచ్చా?"

"అదీ! ఆ తొందరే! చెయ్యి తియ్యి అక్కణ్ణించి. స్టీరింగు మధ్యలో ఈ గుండ్రటి బిళ్ళ ఉంది చూశావా? దీని లోపల ఎయిర్ బ్యాగు. మందుగుండు అది, బండి గుద్దుకుంటే పేలి సంచి ఉబ్బుద్ది. బ్యాటరీ వైరు తీసినా దాని తాలూకు డబ్బాలో కాస్త కరెంటు మిగిలుంటది. అది దిగిపోయిందాకా ఆగాలి."

"ఎంతసేపు?"

"కంపెనీ పుస్తకంలో నిమిషాల లెక్క రాసుంటది. ఆ ఇంగ్లీషు పుస్తకం మాకెవడు చదివి పెడతాడు? నేను ఏడో తరగతి, వాడు ఐదో తరగతి. మాది బీడీ లెక్క. వైరు తీస్తే బీడీ వెలిగించాలి. సగం నేను, సగం వాడు. బీడీ అయిపోతే చెయ్యి వెయ్యాలి. ఈ బ్యాగుల బండ్లు వచ్చిన దగ్గర్నించీ అంతే. ఒక్కసారి తప్పలా."

"ఇప్పుడు వెలిగించండి మరి."

"వెలిగిస్తా. ఆ అగ్గిపెట్టె ఇటివ్వు."

"నేను వెలిగిస్తాను, ఇవ్వండి. ఆ రోజు బీడీ వెలిగించలేదా?"

"సలీం చెప్పలేదా ఏం?"

"సలీం ఇంజక్షన్ల సంగతులూ ఆస్పత్రి సంగతులే చెప్పాడు. ఇక్కడ జరిగింది మీ ఇద్దరికే కదా తెలుసు."

"ఆ రోజు నేను మాలలో ఉన్నా. అయ్యప్ప మాల. పద్నాలుగో ఏడు. మాలలో ఉంటే బీడీ ముట్టకూడదు. నేను మానేస్తే వాడూ మానేసేవాడు. నీకేమైందిరా, నువ్వు తాగు అంటే, 'నీ ముందు నేను తాగితే నీకు నోరూరుద్ది, ఆ పాపం నాకెందుకు' అనేవాడు. ఏడాది పొడుగునా ఒరేయ్ అంకమ్మా, ఏరా అంకమ్మా. ఆ నలభై ఒక్క రోజులు మాత్రం 'స్వామీ'. 'స్వామీ, తమరు ఆ స్పానరు దయచేయండి స్వామీ.' భక్తి కాదు, ఏడిపించటానికి."

"మిరియాలు తెచ్చేవారంటగా మీరు?"

"అది కూడా చెప్పాడా? శబరిమలలో వావరు స్వామి దగ్గర మిరియాలు ఇస్తారు. వావరు మీవాడేగా. వాడి కోసం పొట్లం కట్టించుకొచ్చేవాణ్ణి, ప్రతి ఏడూ."

"డబ్బా ఇంట్లోనే ఉంది. వంటలో వెయ్యనివ్వరు. ఒకసారి తెలియక చారులో వేస్తే అన్నం ముందునించి లేచిపోయారు."

"ఆ రోజు సత్తెనపల్లి నించి ఒక బండి వచ్చింది. పత్తి వ్యాపారి కొడుకుది. ఇదే పని, రెక్కల స్టీరింగు. నా మాల రోజుల్లో బ్యాగు స్టీరింగు రావటం అదే మొదటిసారి. పన్నెండున్నరకి నాకు భిక్ష. గుళ్ళో స్వాములంతా ఆకుల ముందు కూర్చుని ఉంటారు, గురుస్వామి కేకలేస్తాడు. పన్నెండుంబావుకి వైరు తీశా. నేనే తీశా, ఈ చేత్తో. తీసి, 'నువ్వు స్టీరింగు తీస్తా ఉండు బుడానూ, నేను కాళ్ళు కడుక్కుని పోతా' అన్నా. అంతే."

"ఆగమని చెప్పలేదా?"

"ఎవరు చెప్తారు? ఎప్పుడన్నా నోటితో చెప్పుకున్నామా? ఆగమని చెప్పేది బీడీ. బీడీ లేదు. నోట్లో బీడీ లేకపోయేసరికి ఆగాలన్న సంగతే నాకు తట్టలా. మాల మీద భక్తి ఉంది, భిక్ష టైము గుర్తుంది, వాడి చేతులు గుర్తు లేవు."

"ఆయనకీ తెలుసుగా ఆగాలని."

"నేను తియ్యమన్నాక వాడు ఎందుకు ఆగుతాడు? నా మాట మీద పని చేసేవాడు. వాడి తప్పనమాక."

"అనట్లేదండీ. మీరు అప్పుడు ఎక్కడున్నారు?"

"ఆ కుళాయి దగ్గర. బండి దగ్గర వాడొక్కడే. ఫిలిప్ గాడు కూడా అన్నానికి పోయాడు. నేను కాళ్ళు కడుగుతున్నా, ఇంతలో పాట మొదలైంది."

"ఏం పాట?"

"అయ్యప్ప పాట. నాకు ఇష్టమైంది. ఏటా ఇరుముడి కట్టేటప్పుడు నేను పాడేది. చూడు వీడు, నా కోసం పెట్టాడు అనుకున్నా. మనసు నిండిపోయింది. కుళాయి దగ్గరే నుంచుని చేతులు జోడించా. దేవుడికో, వాడికో నాకే తెలియదు. అంతలో ఢామ్మని పేలింది. తుపాకీ పేలినట్టు. వెనక్కి తిరిగితే బండి నిండా తెల్ల పొగ. వాడు ఎడం చెయ్యి పొట్టకి అదుముకుని తలుపు పక్కన కింద కూర్చున్నాడు. అరవను కూడా అరవలా. పాట మోగుతానే ఉంది."

"పాట మోగుతూనే ఉందా?"

"మోగుతానే ఉంది. అందుకే నాకు ఆ పాటంటే అసహ్యం. ఎక్కడ వినపడినా చెవులు మూసుకుంటా."

"గుడి మైకులోనా అండీ అది?"

"కాదు, బండిలోనే."

"ఆయన ఫోన్లో పెట్టి ఉంటారేమో?"

"ఫోను గొంతు నాకు తెలియదా? బండిలోనే అంటుంటే. నాలుగు తలుపుల్లోంచీ వస్తంది, ఖంగుమని. ఎందుకు అన్నిసార్లు అడుగుతున్నావు?"

"ఊరికే. తర్వాత?"

"తర్వాత ఏముంది. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి. దారి పొడుగునా ఏరా బుడానూ, బుడానూ అంటన్నా. ఒక్కసారి నా వంక చూశాడు. చూసి మొహం అటు తిప్పేసుకున్నాడు. ఆ తిప్పుకున్న మొహం మళ్ళీ నా వైపు తిరగలా. ఆస్పత్రిలో పదకొండు రోజులు కాళ్ళ దగ్గర కూర్చున్నా, గోడ వైపు తిరిగే పడుకున్నాడు. మాల ఆ రోజే మెడలోంచి తీసేశా. మళ్ళీ వెయ్యలా. వెయ్యను."

"మీరు స్టీరింగు ముట్టుకోకపోవటం దానికేనా?"

"దేనికో. శిక్ష అనుకో. బీడీ మాత్రం మళ్ళీ మొదలుపెట్టా. మానేసి ఏం ఒరగబెట్టా గనక. మాల కోసం మానేసినందుకు ఒక చెయ్యి పోయింది."

"మళ్ళీ సగంలోనే పారేశారు."

"వాడి సగం నేనెట్టా తాగుతా? ఇంక చాల్లే. కరెంటు దిగిపోయి ఉంటది. ఈ గుడ్డ పట్టుకో. నువ్వు బండికి అటు పక్కకి పో, ఎదురుగా నుంచోమాక. బిళ్ళ నేను తీస్తా. పేలితే నా మొహం మీద పేలనీ."

"ఒక్క నిమిషం ఆగండి, మావయ్యా."

"ఏమన్నావు?"

"మావయ్యా అన్నాను. ఇంకేమని పిలవాలి మిమ్మల్ని? ఆయన నాకు ఇంకో పని కూడా చెప్పి పంపారు. స్టీరింగు కన్నా అదే పెద్ద పని. 'అంకమ్మ బీడీ ఎట్టా తాగుతున్నాడో చూడమ్మా. మొత్తం తాగేస్తే నన్ను మర్చిపోయి సుఖంగా ఉన్నట్టు, ఏమీ అడక్కుండా బండి చేయించుకుని వచ్చెయ్. సగంలో పారేస్తున్నాడంటే మాత్రం ఒక్క మాట అడుగు' అన్నారు. నేను వచ్చీ రాగానే మీరు సగంలో పారేశారు."

"ఏం అడగమన్నాడు? ఎందుకు తొందరపడ్డావనా? రోజుకి పదిసార్లు నన్ను నేనే అడుగుతున్నా."

"అది కాదు."

"నా చేతికి ఏం సమాధానం చెప్తావనా?"

"కాదండీ. మీరు పొదిలి వచ్చిన రోజు ఆయన తలుపు వెనకే నుంచుని ఉన్నారంట. అత్తయ్య చెప్పింది. మీరు వెళ్ళిందాకా నుంచుని, మీ అడుగులు వినపడటం ఆగాక అక్కడే కూలబడి ఏడ్చారంట. కోపంతో దాక్కోలేదు మావయ్యా. మీ మొహం చూడలేక."

"పిచ్చిమాటలు. నా మొహం వాడు చూడలేకపోవటమేంటి? చూడలేకపోవాల్సింది నేను. తప్పు చేసింది నేను."

"మూడేళ్ళుగా మీరు అట్టాగే అనుకుంటున్నారని ఆయనకి తెలుసు. తెలిసీ నోరు విప్పలేకపోయారు. రోజులు గడిచేకొద్దీ ఇంకా విప్పలేకపోయారు. నన్ను కూడా చెప్పమనలేదు, అడగమన్నారు. అడగనా?"

"అడుగు."

"మీరు వైరు తీసేసిన బండిలో, ఆయనొక్కడే ఉన్న బండిలో, మీ కోసం ఆ పాట ఎట్టా మోగిందో అడగమన్నారు."